బుడుంగుపేట

సుబేదారిల జిరాక్స్ దుకాణం మీది రూముల
పదకొండు నిమిషాలకొక ఊరు గీస్తుంట.
పేరు బుడుంగుపేట. నీళ్లడుగున ఉంటది.
వారం వారం పిల్లలు నవ్వాలె, గంతే నా నౌకరి.

మొదటిరోజే మా డైరెక్టరు సంపత్ కాగితం మీద రాసిచ్చిండు:
ఎవ్వలు తడవద్దు.
పొయ్యి మండుతది, ఎట్లనని అడగద్దు.
ఎవ్వలు సావద్దు. మహా అంటె అప్పడం లెక్క చదునైతరు,
ఎంటనే ఉబ్బుతరు.

సర్పంచు కొర్రమట్ట. ఎంత గట్టిగ పట్టినా జారుతడు.
పోస్ట్‌మన్ నత్త. ఆయన పెండ్లిపత్రిక తెచ్చేటాళ్లకు
ఆ పెండ్లిల పుట్టిన పిల్ల బడికి పోతుంటది.
బస్సు తాబేలు. ఎక్కినకాడికెల్లి దిగేదాక
దాని వీపు మీద చిల్లర పంచాయితి.
మండువల లొట్టి వంచితె కల్లు కిందికి రాదు, మీదికి పోతది,
బుడ్డపరకలు ఎగిరెగిరి నోళ్లు తెరుస్తయి.
క్షౌరం ఎండ్రకాయది. కత్తెర కొనే ఖర్సు లేదు.
"చాపలకు ఎంటికలేడియి?" అన్నడు పైసలు పెట్టినాయన.
"అందుకే సార్ గిరాకి లేదు,
పొద్దుందాక కూసోని ముచ్చట చెప్తడు" అన్న.

నేను కల్పించింది పొలుసులొక్కటే.
మిగిలిందంత మా ఒర్రెగడ్డ.
మానేరుకు కట్ట కట్టినంక
ఊరే బుడుంగుమన్నది.

మూడో వారం కాలనికెల్లి ఫోను.
"గౌరయ్య కొడుకువేనా? నేను ఓదెలును.
నన్ను ఎండ్రకాయను జేసినవట, మంచిదే,
మనుమరాలు బడంత చెప్పుకున్నది.
కని నా దుకాణంల నిలవడితె
బొడ్రాయి ఎడమదిక్కు కనవడాలె.
నువ్వు కుడిదిక్కు గీసినవ్."
మార్చిన.

ఇగ రోజుకొకలు.
బడి గోడకు కింద జానెడు జాజు ఉండె, మర్శినవా అని రాజేశం.
మా పెంటకుప్ప మీద పుంజేది అని కనకవ్వ.
నీళ్లల్ల పుంజెట్లుంటదని సంపత్ తల కొట్టుకున్నడు.
పుంజుకు మొప్పలు పెట్టిన.
అది కూస్తె "కొక్కొరో" మధ్యల బుడగలొస్తయి,
ఆ వారం చానా పేరొచ్చింది నాకు.

కొంరవ్వ ఫోను జేసి చానాసేపు ఏం మాట్లాడలే.
ఎనుకకెల్లి మిషన్ల సప్పుడు.
"సర్వేనాడు నేను సిరిసిల్ల దవాఖానల ఉంటి బిడ్డా.
లిస్టుల నా గుడిసె ఎక్కలే.
లేని ఇల్లు ఎట్ల మునుగుతదమ్మా అన్నడు సారు.
నీ బొమ్మల ఊర్లనన్న గియ్యి.
పెద్దగ వద్దు. తలుపు మాత్రం తూర్పుకు."

పద్నాలుగో కథల గీసిన, రెండు సెకండ్లు.
తలుపు తెర్సుకుంటది, ఒక బుడగ బయటికొచ్చి
అటిటు జూసి మల్ల లోపలికి పోతది.
"ఇండ్ల హాస్యమేడిదిరా?" అన్నడు సంపత్.
నాకు తెల్వదన్న.
పిల్లలైతె నవ్విండ్రట.

మొన్న ఎండకాలం నీళ్లు గుంజినయి.
ఓదెలు తాత నన్ను ఎంటవెట్టుకోని కట్ట దిగిండు.
మోకాళ్లదాక తడి, పాయింట్ల నిండ ఒండ్రు.
ఆయన దుకాణం గడప తేలింది, గడపొక్కటే.
దాని మీద నిలవడి బాటదిక్కు మొఖం పెట్టి
ఎడమకు జూసిండు. బురద.
కుడికి జూసిండు.
బొడ్రాయి, నాచు పట్టి, మెడదాక.

చానాసేపు చెయ్యి గాలిల ఉన్నది,
ఎవ్వలదో గదుమ పట్టుకున్నట్టు.
"అద్దంల జూసుకుంట చెప్పినరా నీకు" అన్నడు.
"ముప్పై ఏండ్లు బాటకు ఈపు పెట్టే నిలవడ్డ గదా,
ఊరంత నాకు అద్దంలనే నడిచింది."

మల్ల మారుస్త తాతా అన్న.
"ఉండనీ, పోరగాండ్లకు అలవాటైంది" అన్నడు
చెప్పులు ఏడ విడిచిండో ఎతుక్కుంట.